పురుగు పట్టిన కోనాలు

“ఈ సరుకు మా కొట్టు గడప తొక్కడానికి వీల్లేదండీ!”

నరసాపురం షావుకారు మనిషి కోసిన కోనం చేపను ఇసుకలోకి విసిరేశాడు. దాని కండలోంచి తెల్లటి దారాల్లాంటి పురుగులు మెలికలు తిరుగుతూ బయటికొచ్చాయి.

కొన్నాళ్ళుగా అంతర్వేది రేవులో ఇదే వరస. ఏ పడవ చేప కోసినా పురుగే. కొనేవాడు లేడు. పొయ్యిలు ఆరిపోయాయి.

“దొరలు ధవళేశ్వరంలో గోదారికి అడ్డంగా ఆనకట్ట కట్టారుగా. గంగమ్మ తల్లికి కోపమొచ్చుంటుంది,” అన్నాడు బుల్లియ్య.

“అలాగైతే పురుగు దొరలకి పట్టాలి గాని మన చేపలకెందుకు పడుతుందిరా?” కులపెద్ద బంగార్రాజు కసిరాడు. “ఎవతో ఆడది వల దాటి మైల చేసింది. పొద్దుగుంకేలోగా దాన్ని పల్లెలోంచి వెళ్ళగొడితే గాని తల్లి శాంతించదు.”

అందరి చూపూ లోవలక్ష్మి మీదకు మళ్ళింది. నిండు చూలాలు. ఆరేసిన వలల పక్కనుంచి పొద్దున్నే ఆమె నీళ్ళు మోసుకెళ్ళింది.

“చుట్టూ తిరిగే వెళ్ళానండీ. వల దాటలేదు,” అంది.

“అది తల్లే చెబుతుంది. సుబ్బాయమ్మను పిలవండి!”

సుబ్బాయమ్మ పల్లెకు గణాచారి. గంగమ్మ పూనేది ఆమెకే. పూనకంలో ఆమె నోట వచ్చిన పేరుకు తిరుగులేదు. పైగా ఆమె లోవలక్ష్మికి అత్త, కోడలు వండిన పులుసు కుక్కకు పోసే అత్త.

సుబ్బాయమ్మ రాగానే కొడుకు సత్తియ్య ఆమె కాళ్ళమీద పడ్డాడు. “అమ్మా, అవతలంతా ఉప్పునేల, పర్ర. తాగడానికి నీటిచుక్క ఉండదు. దాని కడుపులో నా బిడ్డుందే!”

“లెగరా! తల్లి పలికేటప్పుడు నేనుంటానా, నీ పెళ్ళాం ఉంటుందా?” సుబ్బాయమ్మ కోడలి వైపు తిరిగింది. “ఏమే, వచ్చి నా ఎదర కూర్చో.”

“అత్తా...”

“నోరు ముయ్!”

డప్పు మోగింది. గణాచారి తలమీద పసుపునీళ్ళు కుమ్మరించారు. వేపమండలు పట్టుకుని, జుట్టు విరబోసుకుని సుబ్బాయమ్మ ఊగిపోతోంది.

“ఇన్నాళ్ళకి అత్త కోరిక తీరుతోంది,” గొణిగింది వెనకనుంచి పొరుగింటి రత్తమ్మ.

“వల దాటిందెవరు తల్లీ?” అరిచాడు బంగార్రాజు.

ఊగడం ఆగింది. వేపమండ వచ్చి లోవలక్ష్మి నెత్తిన ఆనింది. ఆమె రెండు చేతులతో కడుపు పట్టుకుని కళ్ళు మూసుకుంది. డప్పు కూడా ఆగిపోయింది.

“పేరు చెప్పు తల్లీ, పేరు!”

“సుబ్బాయమ్మ!” అంది గంగమ్మ.