జాలీ కట్టిన ఫ్యాను

కటింగ్ ప్లయరుతో ఫ్యాను ముందున్న తీగ జాలీని ఒక మూల తెంపేసరికి తలుపు చప్పుడైంది.

"ఇప్పుడెవరు?" అన్నాడు బ్రోకరు విసుగ్గా.

అతను పాత కార్లు అమ్మిపెట్టే మనిషి. నాన్న పోయాక ఇంట్లోని పాత సామాన్లన్నీ ఒక్కొక్కటిగా ఎటో పోయాయి, ఈ టేబుల్ ఫ్యాను తప్ప. ఇత్తడి రెక్కలు. ఎత్తబోతే నడుం పట్టేసేంత బరువు. పేరున్న బిళ్ళ ఎప్పుడో అరిగిపోయింది.

అది ఏ కాలం నాటిదో, ఎక్కడి నుంచి వచ్చిందో నాన్న ఎన్నడూ చెప్పలేదు. పారేద్దామంటే మాత్రం "ఉండనీరా" అనేవాడు. అంతకు మించి నోరు పెగిలేది కాదు.

"తాను దూర కంత లేదు, మెడకో డోలు. ఈ రెండు గదుల్లో దాన్నెక్కడ పెట్టమంటారు?" అంది భార్య. మళ్లీ తనే, "అయినా మామయ్య దాచుకున్నది. మీరే ఆలోచించండి" అంది.

నాన్నది అని చెప్పుకోవడానికి ఇక అదొక్కటే మిగిలింది. అమ్మేయడానికి మనసొప్పలేదు. ఉంచుకోవాలంటే ఎందుకో తెలియలేదు. "ఇదేంటో ఎవరికైనా తెలుసా?" అని ఫోటో తీసి ఫోన్లో నలుగురికి పంపాడు. వాళ్లు ఇంకో నలుగురికి పంపారు.

పాతసామాన్ల కొట్టతను ముందుగా పలికాడు. జాలీ తీసేస్తే అసలు రూపు బయటపడుతుందట. ఊ అంటే ఇవాళే బండి పంపుతాడట.

తలుపు తీస్తే ఎవరో పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఖాళీ సంచి.

"ఫోటో ఎవరో చూపించారు బాబూ. ఒకసారి చూడొచ్చా?"

"చూస్తే అరిగిపోతుందా? రండి."

కుర్చీ వేసినా పెద్దాయన కూర్చోలేదు. ఫ్యాను ముందు నేలమీద చతికిలబడ్డాడు.

"ఇది కొత్తగా కొన్నది కాదు. ఏదో ఆఫీసువాళ్లు తీసేస్తే బయటికొచ్చింది. అడుగున తెల్ల పెయింటుతో నంబరుండాలి."

బ్రోకరు వంచి చూశాడు. ఉంది. ఘటికుడే అనుకున్నాడు.

"జాలీ ఎందుకు తీసేస్తున్నారు?"

"అసలు రూపు వస్తుందంటున్నారు. మా నాన్నే కట్టుంటాడు. చూడండి, ఎంత వంకరటింకరగా ఉందో."

"ఫ్యాను కమ్మీల మధ్య సందు ఎక్కువ. పిల్లలు వేళ్లు పెట్టేస్తారు."

పెద్దాయన తెగిన తీగ కొసను మెల్లగా లోపలికి వంచాడు. తలెత్తి అడిగాడు.

"ఒక్కసారి తిప్పి చూపిస్తారా? చూసి వెళ్లిపోతాను."

బ్రోకరు నవ్వాడు. కారు కొనేవాడు కూడా ముందు ఒక్కసారి స్టార్ట్ చేయమనే అంటాడు.

"ఎంతకు అడుగుతారో చెప్పండి. తిప్పడం ఎంతసేపు."

"కొనడానికి రాలేదు బాబూ."

"మరి దేనికొచ్చినట్టు?"

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. అంతలో భార్య మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు అందుకుంటూ ఆయన గోడమీద నాన్న ఫోటో చూశాడు. చూస్తూ అలాగే ఉండిపోయాడు. నీళ్లు తాగి, మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"దీన్ని ఉంచుకోండి. ఎవరికీ ఇవ్వకండి. మీ ఇంట్లోనే ఉండాలి ఇది."

ఆ మాటతో బ్రోకరుకు అనుమానం స్థిరపడింది. ఇలాంటి తేనె పూసిన కత్తుల్ని ఎన్ని చూశాడో. ఇవాళ అమ్మొద్దంటాడు. నాలుగు రోజులు పోయాక, ఎవరూ కొననప్పుడు వచ్చి కారుచౌకగా ఎత్తుకుపోతాడు.

"సరే పెద్దాయనా, ఆలోచిస్తాం. ఇక మీరు బయల్దేరండి" అని తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

ఆయన మెట్లు దిగాక భార్య ఊరుకోలేదు.

"వయసులో పెద్దాయన. ఒక్కసారి స్విచ్ వేస్తే మన సొమ్మేం పోయేది?"

"నీకు తెలీదులే. మంచి సరుకు కాబట్టే అమ్మొద్దంటున్నాడు. వీడి చేతిలో పడేలోపే వదిలించుకోవాలి."

అప్పటికప్పుడు కొట్టతనికి ఫోన్ చేశాడు. బండి వచ్చేలోగా జాలీ మొత్తం పీకేశాడు. ఇద్దరు మనుషులు ఫ్యానును మెట్లు దింపారు. నాన్న "ఉండనీరా" అన్నట్టే అనిపించింది. అయినా వాళ్లిచ్చిన డబ్బు తీసుకున్నాడు.

బండి అటు వెళ్లిందో లేదో మేనత్త ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఏరా, ఆయన మీ ఇంటికొచ్చాడటగా? బస్టాపులో కూర్చుని ఉన్నాడు. ముందు పోల్చుకోలేకపోయాను. బస్సెక్కించే వస్తున్నా."

"సంచీతో వచ్చిన ఆ పాతసామాన్లాయనా? నీకెలా తెలుసు?"

"పాతసామాన్లేంట్రా?" అత్త గది నాలుగు మూలలా చూసింది. "ఫ్యానేది?"

"ఇప్పుడే అమ్మేశాను."

అత్త గుమ్మం దాకా వెళ్లి కిందికి చూసింది.

"అది మనది కాదురా. తిరిగిచ్చేద్దామని అన్నయ్య ఎంత వెతికాడో. ఇచ్చినవాళ్లు అప్పటికే ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయారు."

"నాన్న నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"ఎలా చెప్తాడు? ఆ సంగతి ఎత్తితేనే లేచి బయటికి వెళ్లిపోయేవాడు." అత్త పైటతో ముఖం తుడుచుకుంది. "ఆయన నిన్నేమైనా అడిగాడా?"

"ఒక్కసారి తిప్పి చూపించమన్నాడు."

"తిప్పావా?"

"లేదు."

"నువ్వు పుట్టిన వేసవిలో పక్క వాటాలో ఉండేవాడురా, తన ఏడాది పిల్లను పూడ్చిపెట్టి వచ్చి, 'మీ వాడికైనా గాలి తగలనీ' అని ఆ సాయంత్రమే ఫ్యాను మోసుకొచ్చి నీ ఉయ్యాల పక్కన పెట్టి వెళ్లిన మనిషి ఆయన."