ఎర్రగీత

“ఆ ఎర్రగీత తీసెయ్యండి,” అన్నాడు ఫోన్లో మేనేజరు.

“తియ్యను,” అంది ఆమె.

ఇంట్లో కూర్చుని ఆఫీసు కంప్యూటర్‌ని కళ్లెదుట ఉన్నట్టే వాడుకునే సాఫ్ట్‌వేర్ అది. దాని బాగోగులు చూసేది ఆమే. దూరం నుంచి ఎవరైనా మన తెరలోకి తొంగిచూస్తే చుట్టూ ఎర్రగీత వెలుగుతుంది. ఆ గీత ఆమె పెట్టిందే. ఈమధ్య కంపెనీ చేతులు మారింది. పనివాళ్లకి తెలియకుండా వాళ్ల తెరలు చూడాలనుకునే యజమానులు కొత్తగా ఖాతాదారులుగా చేరారు. వాళ్లకి ఆ గీత కంట్లో నలుసైంది.

మేనేజరు బుజ్జగించాడు. గీతని ఓ లోపం కింద రాసి, సరిచేసినట్టు చూపిస్తే సరిపోతుందన్నాడు. ఇన్నాళ్లూ లోపాలు తీశానే గానీ పెట్టలేదంది ఆమె. అయితే ఉద్యోగం సంగతి ఆలోచించుకోమని ఫోన్ పెట్టేశాడు.

తల తిప్పేసరికి గుమ్మంలో అత్తగారు. టెలిఫోన్ శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ ముందు ఆమెకి నోరు పెగలదు. పెళ్లయిన నాటి నుంచీ “సరే అత్తయ్యా” తప్ప రెండో మాట ఎరగదు. అంత గట్టిగా ఎవరితో మాట్లాడుతున్నావని అడిగారావిడ. ఆఫీసు గొడవ అని నసిగింది. ఆవిడ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

ఆమె నోరారా పోట్లాడేది లోకంలో ఒక్కరితోనే. ఆ మనిషి మొహం కూడా తెలీదు. ఈ సాఫ్ట్‌వేర్ కోడ్ అందరికీ తెరిచి ఉంచిందే, ఎవరైనా చదవచ్చు, దిద్దచ్చు. దొంగలు దూరే సందొకటి పట్టుకుని వచ్చారు ‘గొళ్లెం’ అనే మారుపేరుతో ఎవరో. అప్పట్నుంచీ ఆ కంట పడకుండా ఏ మార్పూ బయటికి పోలేదు. నీకు తొందరెక్కువ అని గొళ్లెం, మీకు చాదస్తమెక్కువ అని ఆమె. మౌస్ బాణం గడ్డకట్టుకుపోయే జబ్బు ఎక్కడుందో తేల్చడానికి వారమంతా కొట్టుకున్నారు. చివరికి ‘నువ్వే రైటు’ అని రాసింది గొళ్లెం. ఆ రెండు ముక్కలూ ఆమె ఎన్నిసార్లు చదువుకుందో.

ఇప్పుడూ గొళ్లేనికే రాసింది. కంపెనీ వదిలేస్తున్నానని, ఎర్రగీతతో సహా కోడ్‌ని వేరే పేరుతో నడుపుతానని, తోడుంటారా అని.

‘ఉద్యోగం మానేస్తే ఇంట్లో ఏమంటారు?’ అని జవాబొచ్చింది.

‘మా అత్తగారంటే హడలే. అయినా ఆవిడకీ ఇదే చెప్తాను. తియ్యను.’

అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. గొళ్లెం కూడా జారుకుందనుకుంది. అయినా కూర్చుని రాజీనామా పంపింది. మేనేజరు వెంటనే ఫోన్ చేశాడు.

“ఆ పేరు కంపెనీది.”

“పేరు మీరే ఉంచుకోండి. కోడ్ అందరిదీ.”

“ఒక్కరే ఏం చేస్తారండీ?”

“చూస్తూ ఉండండి. చూడ్డం మీకిష్టమేగా.”

మర్నాడు పొద్దున్నంతా కూర్చుని పాత పేరు చెరిపి కొత్త పేరు పెట్టింది. గీతని ఇంకాస్త లావు చేసింది. అలవాటు కొద్దీ గొళ్లెం పరిశీలనకి పంపి, రాని జవాబు కోసం తెర ముందే కూర్చుంది. మధ్యాహ్నమైనా ఆకలి తెలియలేదు.

ఉన్నట్టుండి తెర మీద కదలిక. ఒకచోట తప్పు దొర్లిందని గొళ్లెం ఎత్తిచూపింది. ఆమె గబగబా దిద్ది మళ్లీ పంపింది. ఈసారి ఆమోదం పడింది. కింద ఇంకో వాక్యం ఉంది.

‘లేచి రా కోడలా, అన్నం చల్లారిపోతోంది.’