నోటికొచ్చిన చదువు

“మీ మనవరాలికి ట్యాబు నూటికి నూరు మార్కులిచ్చింది. ఇప్పుడు మీరొచ్చి దానికి చదవడం రాదంటారేంటి?” పంతులమ్మ రెండో తరగతి పిల్లలందరి ముందూ విరుచుకుపడింది.

నాయనమ్మ తగ్గలేదు. “కథ చదివి వినిపించే ఆ డబ్బా నోరు మూయించి చదివించమ్మా, తెలుస్తుంది.”

పంతులమ్మ విసురుగా శబ్దం ఆపేసి, కుందేలు కథలో నాలుగో పేజీ తెరిచింది. మనవరాలు తెరమీద వేలుపెట్టి, “అనగనగా ఒక అడవిలో...” అంటూ మొదటి పేజీ గడగడా అప్పగించేసింది.

పంతులమ్మ ముఖం మాడిపోయింది. అయినా వెటకారం చావలేదు. “రోజూ చూసే నాకే తెలియలేదు. మీకెలా తెలిసిందో?”

నాయనమ్మ మనవరాలి వైపు ఓసారి చూసింది. చెబితే దాని ముందు తన పరువు పోతుంది. చెప్పకపోతే పిల్ల చదువే పోయేలా ఉంది.

“పాము కాళ్లు పాముకే ఎరుక తల్లీ. పుస్తకం ముందేసుకుని నేను రోజూ దీనికి చదివే కథలన్నీ నోటికొచ్చినవే. నాకొచ్చింది పేజీలు తిప్పడమొక్కటే.”

మనవరాలు నాయనమ్మ చెయ్యి విదిలించికొట్టింది. “ఇన్నాళ్లూ అబద్ధమాడావా? నీతో మాట్లాడను, పో!”

“మాట్లాడకు,” అంది నాయనమ్మ, పిల్లను పంతులమ్మ వైపు నెడుతూ. “చదువు నేర్చుకుని, నన్ను తిడుతూ ఇంత పొడుగు ఉత్తరం రాయి. అదీ నువ్వే చదివి వినిపించాలి మరి.”