కొండ దిగిన ఉప్పు

కనుమ దారిలో ఎదురైన ప్రతివాడూ బ్లెన్ అవ్వను చూసి నవ్వాడు.

నవ్వరా మరి? ఉప్పు సముద్రం దగ్గర పుడుతుంది. బేహారుల గుర్రాల మీద కొండెక్కుతుంది. కొండవాళ్ళు తేనె, మైనం, దాల్చినచెక్క ఇచ్చి దాన్ని తీసుకుంటారు. తాతముత్తాతల నాటి నుంచి అంతే. ఈ ముసలిదేమో వీపుబుట్ట నిండా ఉప్పు పెట్టుకుని, కొండ దిగి సముద్రం వైపు నడుస్తోంది!

"ఏం అవ్వా, సముద్రం చప్పబడిపోయిందని కబురొచ్చిందా?" అన్నాడు తమలపాకుల మోపుతో వస్తున్న ఒకడు.

"తోవ ఇవ్వు నాయనా" అంది అవ్వ. అంతకు మించి మాట్లాడే ఓపిక లేదామెకు.

ఏడాదిగా కొండమీద ఉప్పు కరువు. తీరంలో మశూచి రేగింది. బేహారులు రావడం మానేశారు. జనం గడ్డి కాల్చి, ఆ బూడిదే కూరలో వేసుకుంటున్నారు. అవ్వ ఊళ్ళో మాత్రం చూరు కింద వెదురు గొట్టాల్లో కాస్త ఉప్పు మిగిలింది. కడుపుతో ఉన్నవాళ్ళకీ, జబ్బుపడ్డవాళ్ళకీ అని దాచుకున్నది. బయల్దేరే రోజు పొద్దున ఇంటింటివాళ్ళూ వచ్చి ఆ గొట్టాలన్నీ అవ్వ బుట్టలోకి వంపేశారు. ఎవరూ సణగలేదు. ఎవరూ ఇంతైనా ఉంచుకోలేదు.

"లూవా ఇల్లు చేరేదాకా బుట్ట నేలమీద దించకు" అని చెప్పాడు ఊరిపెద్ద. "దించావా, ఆ నేల దేవత తనదంటుంది. మళ్ళీ ఇవ్వదు."

లూవా తీరాన ఉప్పుమడుల మనిషి. పదిహేనేళ్ళ కింద ఇద్దరూ ఒకే జాడీలో గొట్టాలు వేసి సారా తాగి, చెరో కడియం మార్చుకుని అక్కచెల్లెళ్ళయ్యారు. ఆ ఒట్టు పడ్డాక ఒకరు దాచమన్నది ఇంకొకరి దగ్గర పోకూడదు. మధ్యలో పరాయి చెయ్యి పడకూడదు. అందుకే అవ్వ బుట్ట అడుగున పంగలకర్ర ఆనించి, నిలబడే కునుకు తీసింది. మూడు రాత్రులూ అంతే.

మూడో రోజున ఒక కొండపిల్ల దారికి అడ్డంగా కూర్చుని ఉంది. ఒళ్ళో బిడ్డ మెడ వాల్చేసింది.

"అవ్వా, చిటికెడు. నాలిక మీద రాస్తాను. అంతే."

"ఇవ్వలేనమ్మా."

"బుట్టెడు ఉంది కదే!"

"ఉంది. ఇవ్వలేను."

ఆ పిల్ల లేచి అవ్వ మొహాన ఉమ్మింది. "నీ నోట్లో మన్ను పడ! సముద్రానికి పోస్తావు గాని, పసిదానికి పెట్టవా?"

తుడుచుకుందామన్నా చెయ్యి ఖాళీ లేదు. ఒకటి బుట్ట పట్టీ మీద, ఒకటి కర్ర మీద. అవ్వ ఏడుస్తూనే అడుగు వేసింది.

కనుమ దిగాక సుంకం ఠాణా. జవాను ఇనప చువ్వ పట్టుకుని లేచాడు. మూటల్లో దొంగసరుకుందేమోనని గుచ్చి చూసే చువ్వ అది.

"దాల్చినచెక్క గుప్పుమంటోంది! అడుగున ఎంత దాచావే?"

"దాచలేదు దొరా. పైనే పరిచాను."

"ఉప్పు మీద దాల్చినచెక్కా! ఎవరి పెళ్ళికే ఈ వంట? అడుగు నుంచి ఆ నీళ్ళేమిటి?"

"వానలకి ఉప్పు చెమరుస్తుంది కదయ్యా."

"చూద్దాం" అని చువ్వ ఎత్తాడు.

అవ్వ గిర్రున తిరిగి తన రొమ్ము అడ్డం పెట్టింది.

"గుచ్చితే నన్ను గుచ్చు. ఇది నాది కాదు. లూవా నమ్మి నా చేతిలో పెట్టింది. మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టాలి. పెట్టకపోతే నేను మనిషినే కాదు."

"ఉప్పుమడుల దానికి ఉప్పు అప్పజెప్పడానికి ప్రాణం ఇస్తుందటరోయ్!" జవాను పకపకా నవ్వాడు. అంతలో ఆమె ముంజేతి నిండా ఉన్న ఇత్తడి కడియాలు కంటబడ్డాయి. "సరే, అవి ఇలా పారేసి పో."

తొమ్మిదీ తీసి ఇచ్చింది. అందులో లూవా వేసినదీ ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నానికి ఉప్పుమడులు కనిపించాయి. మశూచి వెళ్ళిపోయింది. ఊళ్ళో సగం ఇళ్ళను కూడా తీసుకుపోయింది. లూవా మడిలో నిలబడి దంతెతో ఉప్పు లాగుతోంది. మొహమంతా మచ్చలు. మొగుడిని, అత్తను ఇసుకదిబ్బలో తమవాళ్ళ పక్కన పడుకోబెట్టి, తనొక్కతే బతికి బయటపడిన మనిషి.

అవ్వను చూడగానే దంతె విసిరేసి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా! ఈ పున్నమి దాటగానే నేనే కొండెక్కుదామనుకుంటున్నానే! ఇదేం చోద్యం, నా ఇంటికి నువ్వు ఉప్పు మోసుకొచ్చావా?" అంటూ నవ్వింది. ఆ మొహం నవ్వడం మరిచి ఎన్నాళ్ళయిందో, మచ్చలు కూడా నవ్వినట్టే ఉన్నాయి. తరవాత అవ్వ భుజం మీదుగా దారి కేసి చూసింది.

"ఒక్కదానివే వచ్చావా?"

అవ్వ లూవా గుమ్మం ముందుకు నడిచి, మోకాళ్ళు వంచి, బుట్ట దించింది. దాల్చినచెక్క పట్టలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. చెల్లెలి కుడిచెయ్యి పట్టుకుని మెల్లిగా ఉప్పులోకి దించింది.

మణికట్టు దాకా మునిగిన ఆ చేతికి, మశూచి తగలకూడదని నిరుడు కొండమీద అక్క దగ్గర వదిలి వచ్చిన నాలుగేళ్ళ కూతురి జుట్టు తగిలింది.