నానమ్మ మోచేతి పోటు

“నిద్ర ఎలా పడుతోందమ్మా?” అని అడిగింది డాక్టరమ్మ.

నా పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ జరిగి ఏడాదైంది. బరువు బాగానే తగ్గింది గాని, సిగ్గు మాత్రం వీసమెత్తు తగ్గలేదు. అందుకని ఎప్పటిలాగే నానమ్మ వైపు చూశాను.

“దానికేం, మొద్దులా పడుకుంటోంది. నాకే కంటి మీద కునుకు లేదు” అంది నానమ్మ.

“ఇంకా గురక పెడుతోందా?”

“పెడితే బాగుండేది.”

నాకు నవ్వొచ్చింది. నా గురకకి వీధి కుక్కలు కూడా చోటు మార్చేవి. పక్కనే పడుకునే నానమ్మ రాత్రంతా నన్ను మోచేత్తో పొడిచేది. పాపం, చెవులు కాపాడుకుంటోందని అనుకునేదాన్ని.

“గురక ఉన్నట్టుండి ఆగేది డాక్టరమ్మా. దాంతో ఊపిరీ ఆగేది. ఒక్క పోటు పొడిస్తే మళ్ళీ అందుకునేది. ఇప్పుడసలు చప్పుడే లేదు. దీని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి కూర్చుంటున్నా.”

నా చెయ్యి తెలియకుండానే డొక్క మీదికి పోయింది.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. “మొన్నటి నిద్ర పరీక్షలో ఊపిరి ఎక్కడా ఆగలేదు మామ్మగారూ. ఇక మీరు పడుకోవచ్చు.”

“నిజంగానా?”

“నిజంగానే.”

నేను జీవితాంతం వేసుకోవలసిన విటమిన్ మాత్రల గురించి డాక్టరమ్మ చెబుతుండగానే, నానమ్మ కుర్చీలో తల వాల్చేసింది.

నర్సు తలుపు తీసి తర్వాతి వాళ్ళను పిలవబోయింది.

“కాస్త ఆగండి, మా నానమ్మ పడుకుంది” అన్నాను.

ఆ గదిలో నేను నోరు విప్పడం అదే మొదటిసారి.