చెన్నైకి వెళ్ళిన టవర్

పుదుచ్చేరి విమానాశ్రయం టవర్‌లో ఇక మనుషులుండరు. కెమెరాల్లో చూస్తూ చెన్నై నుంచే విమానాలను దించుతారు. టవర్‌లో పనిచేసే ఆర్తిని కూడా అక్కడికి మార్చారు.

"రన్‌వే ఈడ, నువ్వు ఆడ! ఇదేం కాపురం?" అని పైలట్ మొగుడు ఉదయకుమార్ అలిగాడు. ఆమె బస్సెక్కేటప్పుడు కూడా మొహం అటు తిప్పుకున్నాడు.

మొదటి రోజే అతని విమానం దిగే వేళకు రన్‌వే మీద వాన కమ్ముకుంది. గాలి ఎటు వీస్తోందో, వాన ఎప్పుడు తెరిపి ఇస్తుందో రేడియోలో ఆర్తి గొంతు నిదానంగా చెబుతూ పోయింది. విమానం క్షేమంగా దిగింది.

ఉదయకుమార్ కిందికి దిగి చుట్టూ చూశాడు. దగ్గరలో ఎవరూ లేరు. టవర్ మీది కెమెరా వైపు తిరిగి టపటపా లెంపలేసుకున్నాడు.

సెల్‌ఫోన్ మోగింది.

"ఇంకొక్కతూరి ఏసుకో మామా," అంది ఆర్తి. "ఈడ నా యెనకాల కూచున్నోళ్ళకి సరిగ్గా కనపళ్ళేదంట."