ఖాళీగా ఉంటేనే

మళ్లీ దాటేసింది.

ఝాన్సీ నెత్తి కొట్టుకుంది. తెరమీద పన్నెండు పనులకు ‘అయింది’ అని వచ్చింది. పదమూడోదానికి మాత్రం ‘దాటవేశాను’. ఇది మూడోసారి. కావలసిందేమో ఆ పదమూడోదే! మిగతా పన్నెండూ ఎవరిక్కావాలి?

2009. అమలాపురంలో ఓ ప్రైవేటు ఆసుపత్రి. ఝాన్సీ అక్కడ కంప్యూటర్లు చూస్తుంది. రెండు గదుల అవతల ఆపరేషన్ బల్లమీద ఒక మనిషి ఉన్నాడు. అంబాజీపేటలో కొబ్బరికాయల లోడు మీంచి జారిపడ్డాడు. రక్తం ఆగడం లేదు. అతనిది బొంబాయి గ్రూపు. లక్షమందిలో ఏ పదిమందికో ఉంటుంది, వేరే రక్తం పడదు. ఏ బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసినా లేదనే అన్నారు.

రక్తదాతల జాబితా ఆసుపత్రి సర్వర్లో ఉండేది. ఆ సర్వరు నిన్న కాలిపోయింది. ఇవాళ పొద్దున్నే కొత్తది వచ్చింది. దాన్ని వరసగా సిద్ధం చేసి, విడిగా దాచిన జాబితా నకలును చివర్లో ఎక్కించేలా ఝాన్సీ కంప్యూటరుకు పదమూడు ఆదేశాల స్క్రిప్టు ఒకటి రాసుకుంది. ఆ చివరిపనే చెయ్యనంటోంది.

“దొరికేరా అమ్మా?” గుమ్మంలో గంగాదేవి. పడినవాడి భార్య. అడగడం ఇది నాలుగోసారి.

“చూస్తున్నానండి. కాస్త ఓర్చుకోండి.”

అరగంటలో రక్తం రాకపోతే లాభం లేదని డాక్టరుగారు కబురు పంపేరు. ఝాన్సీకి ఏడుపొక్కటే తక్కువ.

‘దాతల ఫోల్డరు ఖాళీగా ఉంటేనే నింపు. లేకపోతే దాటెయ్.’ ఉన్న పేర్లు చెరిగిపోకూడదని తనే పెట్టిన షరతు. కానీ కొత్త సర్వర్లో ఏముంటుంది, మట్టి? విసుగ్గా ఫోల్డరు తెరిచింది.

ఒక ఫైలుంది. అందులో ఒక్కటే అక్షరం. ‘శ్రీ’.

“ఎవరండీ ఇది పెట్టింది?”

మేనేజరు వీరవెంకటరమణ పరుగున వచ్చేడు. నుదుట ఇంకా తడారని కుంకుమ. “ఆయ్, నేనేనండి. కొత్త మిషను కదా, కొబ్బరికాయ కొట్టేం. దాతలని పేరు కనపడితే, మంచి పని కదా అని దాన్లో శ్రీ రాసేనండి. కొత్త పుస్తకం ఏదైనా అలాగే కదండీ మొదలెడతాం!”

“మీ శ్రీకారం బంగారం గానూ! అవతల మనిషి ప్రాణం పోతోందండీ!”

ఆయన మొహం పాలిపోయింది. ఝాన్సీ ఆ ఫైలు తీసేసి స్క్రిప్టును మళ్లీ నడిపింది.

పదమూడు. ‘అయింది’.

ఎనిమిది వందల పేర్లలో ఆ గ్రూపు కోసం వెతికింది. ఒక్కటే వచ్చింది.

“ఉన్నారండీ! ఒకరున్నారు!”

గంగాదేవి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. “ఏ తల్లి కన్నబిడ్డో! నూరేళ్లూ చల్లగా ఉండాలండీ ఆ బాబు! తొందరగా పిలవండమ్మా, వచ్చి నా పసుపుకుంకుమలు నిలబెడతాడు.”

పేరు చదివే తీరికెక్కడిది? ఝాన్సీ గబగబా నంబరు నొక్కింది.

గంగాదేవి చేతిలో ఉండచుట్టి పట్టుకున్న భర్త చొక్కా జేబులోంచి సెల్‌ఫోన్ మోగింది.